‘ఎన్ఏ’ అంటే ఏటమ్మా? - ఖరగ్‌పూర్ లైను మీద భద్రత, భాష, కులం

మా మావయ్య ఖరగ్‌పూర్ చుట్టుపక్కల కరెంటు లైన్ల మీద ఒక గుత్తేదారు కింద పని చేస్తాడు. మూడేళ్ళ క్రితం ఒక ఆదివారం మధ్యాహ్నం మా ఇంటికి వచ్చి, చొక్కా జేబులోంచి నాలుగు మడతలు పెట్టిన కాగితం తీసి నా చేతిలో పెట్టాడు. అది పని మొదలుపెట్టే ముందు ఇచ్చే భద్రతా బ్రీఫింగ్ ఫారం జిరాక్సు. సైట్లలో దీన్ని ‘టూల్‌బాక్స్ టాక్’ అంటారు, మావయ్య వాళ్ళు ‘పొద్దుటి మీటింగు’ అంటారు. రెండు పేజీలు, ముప్పైకి పైగా గళ్ళు, అంతా ఇంగ్లీషు. కింద పదకొండు సంతకాలు. అందులో ఒకటి మావయ్యది, తెలుగులో.

‘బ్యాక్‌ఫీడ్, జనరేటర్’ అన్న గడి పక్కన ‘ఎన్ఏ’ అని రాసి ఉంది. మావయ్య దాని మీద వేలు పెట్టి, “ఎన్ఏ అంటే ఏటమ్మా? ఇన్నాళ్ళూ అది సూపర్‌వైజర్ బాబు పొట్టి సంతకం అనుకున్నాను” అన్నాడు.

ఎన్ఏ అంటే ‘నాట్ అప్లికబుల్’. మనకు వర్తించదు అని. నేను చెప్పగానే మావయ్య కాసేపు మాట్లాడలేదు. ఎందుకంటే అంతకు పది రోజుల ముందు, ఆ కాగితం మీద సంతకం పెట్టిన పదకొండు మందిలో ఒక కుర్రాడు జనరేటర్ నుంచి వెనక్కి వచ్చిన కరెంటు తగిలి స్తంభం మీది నుంచి పడ్డాడు. ప్రాణం దక్కింది. కుడి చేతి రెండు వేళ్ళు దక్కలేదు.

జరిగింది ఇదీ. వీధి లైను పని. ట్రాన్స్‌ఫార్మర్ ఆఫ్ చేశారు కాబట్టి లైను చచ్చిందనుకున్నారు. తీగలను ఎర్త్ చెయ్యలేదు. వీధి చివర ఒక పెళ్ళి మండపం ఉంది. సాయంత్రం పెళ్ళికి అలంకరణ పని జరుగుతోంది. కరెంటు పోగానే వాళ్ళు జనరేటర్ వేశారు. మెయిన్ నుంచి జనరేటర్‌ను వేరు చేసే చేంజోవర్ స్విచ్ అక్కడ సరిగా లేదు. మండపం కరెంటు సర్వీసు తీగలోంచి వెనక్కి నడిచి లైనులోకి వచ్చింది. అంటే ప్రమాదం ఎక్కడి నుంచో ఊడిపడలేదు. లైను ఆఫ్ చెయ్యడమే జనరేటర్ వెయ్యడానికి కారణమైంది.

నన్ను ఇప్పటికీ వదలని మాట మావయ్య ఆ తర్వాత అన్నది. “మండపం కాడ జనరేటర్ బండి ఉన్నట్టు మాకందరికీ తెల్సు. దాని పక్కనుండే నడిసొచ్చినాం. అడిగితే సెప్పుదుం కదా.”

ఎవరూ అడగలేదు. ఫారంలో ప్రశ్న ఉంది. ప్రశ్నకు జవాబు కూలీల దగ్గర ఉంది. ఆ రెండూ కలవలేదు. ఈ వ్యాసం ఆ ఎడం గురించి. ఆ ఎడానికి ఈ దేశంలో కులం అనే పేరు కూడా ఉందని నా వాదన.

పని ముందు బ్రీఫింగ్ చిన్న విషయమని కొందరికి అనిపించవచ్చు. లైను పని తెలిసినవాళ్ళకు అలా అనిపించదు. అమెరికాలో విద్యుత్ లైన్ల మీద పనిచేసేవాళ్ళ కోసం ఓషా అనే భద్రతా సంస్థ పెట్టిన నిబంధనలో ఈ బ్రీఫింగ్ అయిదు సంగతులు చెప్పి తీరాలి: ఈ పనిలో ప్రమాదాలేమిటి, పని ఏ పద్ధతిలో చేస్తాం, ప్రత్యేక జాగ్రత్తలేమిటి, కరెంటు వచ్చే మార్గాలను ఎలా అదుపు చేశాం, ఒంటి మీద ఏ రక్షణ ఉండాలి. అంతే. పని మధ్యలో పరిస్థితి మారితే మళ్ళీ కూర్చోవాలి. అక్కడి రైలు పట్టాల మీద పనిచేసేవాళ్ళకు 1990ల నుంచి ఉన్న నిబంధన ఇంకో అడుగు ముందుకు వేసింది. చెప్పింది అర్థమైందని కార్మికుడు తన నోటితో ఒప్పుకునేదాకా బ్రీఫింగ్ పూర్తయినట్టు కాదు. ఏర్పాటు సరిగా లేదని నమ్మితే దాన్ని సవాలు చేసి ఆగిపోయే హక్కు కూడా అతనికి ఉంది. శిక్షణ కార్మికుడికి అర్థమయ్యే భాషలోనూ, అర్థమయ్యే మాటల్లోనూ ఉండాలని ఓషా 2010లో స్పష్టం చేసింది. భాష వేరు, మాటలు వేరు అన్న తేడాను గుర్తించడం అందులో ముఖ్యం.

అమెరికా లైన్ల మీద అంతా బాగుందని నేననడం లేదు. బ్రీఫింగ్ అంటే చెప్పడం కాదు, అర్థం కావడం అని ఒక నిబంధన రాయడం సాధ్యమేనని మాత్రం అంటున్నాను.

ఇప్పుడు మన చట్టాల సంగతి చూద్దాం. 2025 దాకా అమల్లో ఉన్న 1948 ఫ్యాక్టరీల చట్టం 108వ సెక్షన్ ప్రకారం నోటీసులు ఇంగ్లీషులోనూ, కార్మికులలో ఎక్కువమందికి అర్థమయ్యే భాషలోనూ ఉండాల్సి ఉండేది. కేంద్ర విద్యుత్ ప్రాధికార సంస్థ 2010 నాటి భద్రతా నిబంధనల్లో పుర్రె, ఎముకల గుర్తుతో ఉండే ప్రమాద హెచ్చరిక బోర్డు హిందీ లేక ఇంగ్లీషులోనూ, ఆ జిల్లా స్థానిక భాషలోనూ ఉండాలన్నారు. ‘ఎక్కువమంది’, ‘జిల్లా స్థానిక భాష’ అన్న మాటలు గమనించండి. మావయ్య గ్యాంగులో పదకొండు మంది ఉన్నారు. తెలుగువాళ్ళు నలుగురు, ఝాడ్‌గ్రామ్ వైపు నుంచి వచ్చిన సంతాల్ కుర్రాళ్ళు ముగ్గురు, బెంగాలీలు ఇద్దరు, ఒడియా, బిహారీ ఒక్కొక్కరు. ఇందులో ఏ భాషకూ మెజారిటీ లేదు. ఇంగ్లీషు వచ్చినవాళ్ళు ఒక్కరూ లేరు. అయినా కాగితం ఇంగ్లీషులోనే ఉంది.

ఖరగ్‌పూర్‌లో తెలుగు కొత్త భాషేం కాదు. 19వ శతాబ్దం చివర, 20వ శతాబ్దం మొదట్లో బెంగాల్ నాగపూర్ రైల్వే ఇక్కడ జంక్షను, వర్క్‌షాపు కట్టినప్పుడు శ్రీకాకుళం, విజయనగరం, విశాఖ ప్రాంతాల నుంచి మన జనం వచ్చారు. తర్వాతి కాలంలో రాష్ట్రపతి అయిన వి.వి. గిరి ఈ రైల్వే కార్మిక సంఘానికి నాయకత్వం వహించారు. 1927లో ఈ ఊరి వర్క్‌షాపు సమ్మె దేశమంతా వినిపించింది. 2020 డిసెంబరులో పశ్చిమ బెంగాల్ మంత్రివర్గం తెలుగుకు అధికార భాష హోదా ఇవ్వాలని నిర్ణయించింది. ఆ రోజు మా పేటలో మిఠాయిలు పంచారు. అధికార భాష దరఖాస్తులోకి వచ్చింది, ఎన్నికల ప్రసంగంలోకి వచ్చింది. స్తంభం కిందికి మాత్రం రాలేదు. సంతాలీ 2003 రాజ్యాంగ సవరణతో ఎనిమిదో షెడ్యూల్‌లో చేరిన భాష. అది కూడా స్తంభం కిందికి రాలేదు.

మా ముత్తాత శ్రీకాకుళం జిల్లాలోని ఒక మాలపేట నుంచి వచ్చి పట్టాల గ్యాంగులో చేరాడు. తాత కూడా గ్యాంగ్‌మన్‌గానే పదవీ విరమణ చేశాడు. ఇలాంటి కథ ఒక్క మా ఇంటిదే కాదు. 1938 ఫిబ్రవరిలో మన్మాడ్‌లో జరిగిన జీఐపీ రైల్వే అణగారిన వర్గాల కార్మికుల సభలో బాబాసాహెబ్ అంబేడ్కర్ ఇదే చెప్పారు. అంటరాని కార్మికుడు గ్యాంగ్‌మన్‌గా చేరి గ్యాంగ్‌మన్‌గానే మిగిలిపోతున్నాడని, పోర్టరు పని కూడా అతనికి దక్కదని అన్నారు. పోర్టరు చేత స్టేషన్ మాస్టర్లు ఇంటి పని కూడా చేయించుకుంటారు కాబట్టి ఆ పనికి అంటరానివాడిని తీసుకోరని ఆయన వివరించారు. కార్మికుడికి శత్రువులు ఇద్దరు, ఒకటి పెట్టుబడిదారీ విధానం, రెండోది బ్రాహ్మణీయత అని ఆయన చెప్పింది ఆ సభలోనే. చాలామంది ఆ మాటను నినాదంగా గుర్తు పెట్టుకున్నారు. కానీ అది రైల్వే గ్యాంగు అనుభవంలోంచి తేల్చిన మాట.

కులం పనిని మాత్రమే విడదీయదు, పనిచేసే మనుషులను మెట్లుగా విడదీస్తుందని బాబాసాహెబ్ వాదన. లైను పనిలో ఆ మెట్లు రోజూ కనిపిస్తాయి. రాసేవాడు ఒకడు, ఎక్కేవాడు ఒకడు. రాసేవాడికి తెలిసిందే జ్ఞానం. ఎక్కేవాడికి తెలిసింది అనుభవం, అంతకంటే తక్కువగా ‘అలవాటు’. జనరేటర్ బండిని చూసిన పదకొండు జతల కళ్ళకు ఆ ఫారంలో ఒక్క గడి కూడా లేదు. చదువు మీద శతాబ్దాల గుత్తాధిపత్యం ఉన్న సమాజంలో భద్రత కూడా పై నుంచి చదివి వినిపించే పాఠం అయిపోయింది. వినడం మన వంతు, సంతకం మన వంతు, పడిపోవడం కూడా మన వంతు.

ఇది కులం కాదు, వర్గం సమస్య అనే స్నేహితులు నాకు క్యాంపస్‌లో చాలామంది ఉన్నారు. గుత్తేదారు అందరినీ ఒకేలా దోచుకుంటాడు కదా అంటారు. దోపిడీ అందరికీ ఉంది, నిజమే. కానీ ఆ పదకొండు మంది పేర్లు, ఇంటిపేర్లు, పేటలు నాకు తెలుసు. దళితులు, ఆదివాసీలు, అతి వెనకబడిన కులాలవాళ్ళు. తాతలు పట్టాల గ్యాంగులో, తండ్రులు ఖలాసీలు, కొడుకులు గుత్త కూలీలు. పర్మినెంటు ఉద్యోగం పోయి కాంట్రాక్టు వచ్చినా పనిలో మెట్టు మాత్రం మారలేదు. దీన్ని యాదృచ్ఛికం అనాలంటే చాలా ధైర్యం కావాలి.

ఇక సంతకం సంగతి. ఆ కుర్రాడి నష్టపరిహారం కోసం అడగడానికి వెళ్ళినప్పుడల్లా గుత్తేదారు మనిషి ముందు బల్ల మీద పెట్టింది ఆ ఫారమే. “గ్లవ్స్ వేసుకోమని చెప్పాం, విన్నట్టు సంతకం ఉంది, వేసుకోలేదు.” ఇది ఊరికే దబాయింపు కాదు. 2025 దాకా అమల్లో ఉన్న 1923 నాటి కార్మిక నష్టపరిహార చట్టంలో దీనికి ఆధారం ఉండేది. భద్రత కోసం స్పష్టంగా ఇచ్చిన ఆదేశాన్ని కార్మికుడు కావాలని ఉల్లంఘించడం వల్లే దెబ్బ తగిలితే, అది మరణమో శాశ్వత పూర్తి వైకల్యమో కానప్పుడు, యజమాని పరిహారం తప్పించుకోవచ్చు. రెండు వేళ్ళు పోవడం శాశ్వత పాక్షిక వైకల్యం. కాబట్టి ‘స్పష్టంగా ఆదేశం ఇచ్చాం’ అనడానికి రుజువు కావాలి. ఆ రుజువును ప్రతి ఉదయం కార్మికుడి చేతే రాయించుకుంటున్నారు. అర్థం కాని భాషలో చదివినది ‘స్పష్టమైన ఆదేశం’ ఎలా అవుతుందని అడిగేవాడు ఆ గదిలో లేడు. ఆ రోజు సైటుకు వచ్చిన గ్లవ్స్ ఎన్ని జతలు అని అడిగేవాడూ లేడు. మావయ్య లెక్క ప్రకారం రెండు జతలు.

భద్రత కోసం పుట్టిన కాగితం ఇలా ఎవరిని కాపాడుతోంది? స్తంభం ఎక్కినవాడిని కాదు.

ఆ సూపర్‌వైజర్‌ను నేను దుర్మార్గుడిగా చూపించదలచుకోలేదు. డిప్లొమా చేసిన కుర్రాడు. ఒకే ఉదయం మూడు సైట్లు చూసుకోవాలి. ముప్పై గళ్ళ ఫారం నింపి ఫోటో తీసి ఎనిమిదింటిలోగా పంపాలి. అతను ఆ గళ్ళను నింపేది పైవాళ్ళ కోసం, కింద నిలబడ్డవాళ్ళ కోసం కాదు. కొన్నిచోట్ల ఇప్పుడు కాగితం పోయి మొబైల్ యాప్ వచ్చింది. అందులోనూ అవే గళ్ళు, అదే ఇంగ్లీషు. సంతకం బదులు సెల్ఫీ. లోపం కాగితంలో ఉంటే యాప్ తీర్చేది. లోపం మాట ఎటు నుంచి ఎటు నడుస్తుందన్న దానిలో ఉంది.

అయితే ఏం చెయ్యాలి? ఫారాన్ని తెలుగులోకి అనువదిస్తే చాలదా అని మొదట నేనూ అనుకున్నాను. ఒక సాయంత్రం కూర్చుని అనువదించాను కూడా. ‘బ్యాక్‌ఫీడ్’కు ‘ప్రతిలోమ విద్యుత్ ప్రసారం’ అని రాశాను. మావయ్య చదివి నవ్వాడు. “ఇంగ్లీసే నయం. కనీసం ఆ మాట రోజూ ఇంటన్నాం” అన్నాడు. వాళ్ళ గ్యాంగులో దాన్ని ‘ఎనక్కొచ్చే కరెంటు’ అంటారు. ఆ మాటలో నా అనువాదంలో లేని స్పష్టత ఉంది. కోస్తా, తెలంగాణ జిల్లాల్లో లైన్‌మన్‌లు ‘ఎల్‌సీ తీసుకున్నావా’ అంటే లైను ఆపించి అనుమతి తీసుకున్నావా అని అర్థం. ఇంగ్లీషు పొడి అక్షరాలే అయినా ఆ మాట వాళ్ళదైంది, ప్రాణం కాపాడే మాటైంది. అంటే సమస్య ఇంగ్లీషా తెలుగా అన్నది మాత్రమే కాదు. మాట పనిచేసేవాడి నోట్లో నలిగిందా లేదా అన్నది. పైగా మా పేటలో మూడో తరం తెలుగు మాట్లాడుతుంది గానీ చదివేది హిందీ, బెంగాలీ. సంతాల్ కుర్రాళ్ళలో ఇద్దరికి ఏ లిపీ సరిగా రాదు. కాబట్టి బ్రీఫింగ్ ముందు నోటితో జరగాలి. కాగితం తర్వాత రావాలి.

మావయ్య, అతని స్నేహితులు, నేను కలిసి ఆ ముప్పై గళ్ళను అయిదు ప్రశ్నలు చేశాం. వాళ్ళ మాటల్లోనే రాస్తున్నాను.

ఒకటి, ఈయాల మన పనేటి, ఏ స్తంభం నుండి ఏ స్తంభం దాకా?
రెండు, కరెంటు ఎటెటునుండి రావొచ్చు? మెయినే కాదు, జనరేటర్, ఇన్వర్టర్, పక్క లైను, పైన లైను?
మూడు, ఆఫ్ సేసింది ఎవులు, సూసింది ఎవులు, ఎర్త్ ఎక్కడెక్కడ ఏసినాం?
నాలుగు, ఒంటి మీద ఏటుండాలి, అది మన బండిలో ఉందా?
అయిదు, తేడా వొస్తే పని ఎవులాపుతారు, ఆసుపత్రికి ఎలగెల్తాం?

ఇందులో కొత్త సాంకేతిక జ్ఞానమేమీ లేదు. మారినవి మూడు సంగతులు. మొదటిది, ఇవి సూపర్‌వైజర్ చదివే వాక్యాలు కావు, గ్యాంగు జవాబు చెప్పాల్సిన ప్రశ్నలు. రెండో ప్రశ్న అడిగి ఉంటే ఆ రోజు కనీసం ముగ్గురు మండపం పేరు చెప్పేవారు. రెండోది, ఇవి ఆఫీసు వరండాలో కాదు, స్తంభం కిందే, వీధి కనబడేచోట అడగాలి. ఎక్కబోయేవాడు తన భాషలో తిరిగి చెప్పాలి. పక్కవాడు సంతాలీలో చెబితే ఇంకొకడు హిందీలో అందిస్తాడు. గ్యాంగులో ఆ పని రోజూ జరుగుతూనే ఉంది, తిండి దగ్గర, బీడీ దగ్గర. మూడోది, సంతకం దిశ మారాలి. ‘నేను విన్నాను’ అని కార్మికుడు రాయడం కాదు. ‘వీళ్ళు చెప్పింది విన్నాను, ఎర్త్ వేయించాను, గ్లవ్స్ ఇన్ని జతలు ఇచ్చాను’ అని పని అప్పగించేవాడు రాయాలి.

టైము లేదంటారు. అయిదు ప్రశ్నలకు పట్టేది ఏడెనిమిది నిమిషాలు. ముప్పై గళ్ళు నింపడానికి అంతకంటే ఎక్కువే పడుతోంది, ఎవరికీ ఉపయోగం లేకుండా. కూలీలు నోరు విప్పరంటారు. నోరు విప్పినవాడిని మర్నాడు పనిలోకి పిలవకపోతే ఎందుకు విప్పుతాడు? పని ఆపిన రోజు కూలి కోత పడదన్న హామీ లేకుండా అయిదో ప్రశ్నకు అర్థం లేదు. ఫారం ఎంత సులువు చేసినా ఈ హామీ లేకపోతే అది మళ్ళీ అలంకారమే.

బాబాసాహెబ్ 1942 నుంచి 1946 దాకా వైస్రాయ్ కౌన్సిల్‌లో కార్మిక శాఖ సభ్యులు. కార్మికులు, యజమానులు, ప్రభుత్వం ఒకే బల్ల దగ్గర కూర్చునే త్రైపాక్షిక సభలను ఆయన నడిపించారు. అదే పదవిలో దేశ విద్యుత్ విధానానికీ పునాది వేశారు, దామోదర్ లోయ పథకానికి దారి వేశారు. ఈ రాష్ట్రంలో తీగల్లో పారే కరెంటుకూ, ఆ తీగల మీద పనిచేసేవాడి హక్కుకూ ఒకే మనిషి ఆలోచన మూలంలో ఉంది. మొదటిదాన్ని వాడుకున్నాం. రెండోదాన్ని ఎన్ఏ అని రాసి పక్కన పెట్టాం. ఆయన బల్ల దగ్గర కార్మికుడికి కుర్చీ వేశారు. స్తంభం కింద అయిదు నిమిషాల మాట ఇవ్వడానికి మనకు చేతులు రావడం లేదు.

చివరిగా మన గురించి, అంటే చదువుకునేవాళ్ళ గురించి. ఈ ఊళ్ళోనే 1951లో మొదలైన దేశపు తొలి ఐఐటీ ఉంది. దేశమంతటా విశ్వవిద్యాలయాల్లో శ్రమ మీద, కులం మీద పరిశోధనలు చేసే నాలాంటివాళ్ళు ఉన్నారు. కూలీల మాట కాగితంలోకి రావడం లేదని రాసే నా థీసిస్ కూడా ఇంగ్లీషులోనే ఉంది. మావయ్య దాన్ని చదవలేడు. అతని అనుభవం దాంట్లో ‘ఫీల్డ్ డేటా’. అతన్ని వినని ఫారానికీ నా అధ్యాయానికీ దూరం ఎంత? ఈ ప్రశ్న నాకు నేనే వేసుకున్నాను, మీరూ వేసుకోవాలని అడుగుతున్నాను. ఇంజనీరింగ్ చదివే బహుజన విద్యార్థులు ఒక్కొక్కరూ తమ ఊళ్ళో ఒక గ్యాంగు దగ్గర ఒక ఉదయం నిలబడి, అక్కడి ఫారం తెచ్చి, అక్కడి మాటల్లో అయిదు ప్రశ్నలు చేసి చూడండి. తెలుగులో, సంతాలీలో, గోండీలో, ఒడియాలో. యూనియన్ల డిమాండ్లలో జీతం పక్కన ఈ అయిదు ప్రశ్నలనూ, పని ఆపే హక్కునూ చేర్చమని అడుగుదాం. టెండరు షరతుల్లో దీన్ని పెట్టమని విద్యుత్ సంస్థలను అడుగుదాం.

మావయ్య ఆ అయిదు ప్రశ్నల చీటీ జేబులో పెట్టుకుని పనికి వెళ్తున్నాడు. మొదట్లో సూపర్‌వైజర్ విసుక్కున్నాడట. ఒకరోజు రెండో ప్రశ్న దగ్గర ఒక సంతాల్ కుర్రాడు చెయ్యి చూపించాడు. వీధి మూలన కొత్తగా కట్టిన నర్సింగ్ హోమ్, దాని వెనక జనరేటర్ గది. ఆ రోజు పని గంట ఆలస్యంగా మొదలైంది. తీగలకు ఎర్త్ వేశాకే ఎక్కారు. సాయంత్రం పదకొండు మందీ ఇంటికి వెళ్ళారు.

ఆ రోజు ఫారంలో ఆ గడి పక్కన ఏం రాశారని మావయ్యను అడిగాను. “నర్సింగ్ హోం అని రాయించినాం” అన్నాడు.